నాన్న కుట్టిన పడకసంచి

చచ్చినవాడి కళ్ళు చేరెడు అంటారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, మా అన్న ఏమంత బుద్ధిమంతుడు కాదు. చెంబెడు నీళ్ళు ముంచుకుని తాగడానికి కూడా బద్ధకం, నన్ను పిలిచేవాడు. అలాంటివాడు ఆదివారం వచ్చిందంటే చాలు, తెల్లారేసరికి కొండవీడు కొండ కింద ఉండేవాడు. బండరాళ్ళ మీద బల్లిలా పాకి, మోకాళ్ళు చీరుకుని, సాయంత్రానికి నవ్వుకుంటూ ఇల్లు చేరేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. మా చిలకలూరిపేటలో కొండెక్కడమంటే తిరునాళ్ళకి కోటప్పకొండ ఎక్కడమే. మొక్కు లేకుండా, దేవుడి పని లేకుండా, ఉత్తినే రాయి పట్టుకుని వేలాడేవాణ్ణి చూసి వీధిలో వాళ్ళు, "ఏరా, ఆ పైన ఏవుందిరా?" అని అడిగేవాళ్ళు.

"దిగడం ఉంది" అనేవాడు మా అన్న.

మేం దూదేకులవాళ్ళం. నమాజు చదువుతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మా నాన్నకి హైవే పక్కన పరుపుల కొట్టు ఉండేది. జిన్నింగు మిల్లుల నుంచి దూది తెచ్చి, ఏకి, పరుపులూ దిండ్లూ బొంతలూ కుట్టేవాడు. నా చిన్నప్పుడు విల్లు పెట్టి ఏకేవాడు, తర్వాత మిషను వచ్చింది. అమ్మ మేం పిల్లలుగా ఉన్నప్పుడే పోయింది. నేను కుట్టుమిషను మీద గలేబులు కుట్టేదాన్ని, అన్న స్పిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో ముగ్గురమే. ముగ్గురికీ కోపం ముక్కు మీదే ఉండేది, నాదైతే ఇంకాస్త ముందుకి.

అన్నకి ఈ కొండల పిచ్చి అంటించింది అతని స్నేహితుడు. గుంటూరు కాలేజీలో కలిసి చదివారు. మిరప పండించే రైతుల బిడ్డ. మా నాన్నని బాబాయ్ అనేవాడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు అతను కొట్టుకొచ్చి, హైదరాబాదు కుర్రాళ్ళు కొందరు వేసవిలో హిమాలయాలకి వెళుతున్నారనీ, మంచు మీద నడిచి ఒక శిఖరం ఎక్కుతారనీ, తామిద్దరికీ చోటుందనీ చెప్పాడు. అన్న అప్పటికే ఎక్కేసినట్టు మొహం పెట్టాడు.

నాన్న కేకలేస్తాడనుకున్నాను. ఆయన మిషను ఆపి, మీసాల మీద పడిన దూది పొట్టు దులుపుకుని, "అక్కడ చలి ఎంతుంటది?" అని అడిగాడు. 

అప్పటినుంచి మా ఇల్లు ఇల్లు కాదు, సామాన్లని పరీక్షించే మిల్లు అయింది. నాన్న ఏ వస్తువునీ ఊరికే నమ్మేవాడు కాదు. "దాన్ని ఏడిపించి చూడాలిరా. కొట్లో వేలాడేటప్పుడు అన్నీ నవ్వుతానే ఉంటాయి" అనేవాడు. వీపుకి తగిలించుకునే పెద్ద సంచి కావాలన్నాడు అన్న. లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టా తెచ్చి నేనే కుట్టాను. రెండు సూదులు విరిగాయి, ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. పట్టీలకి మంచాలకి అల్లే నవారు వేశాం. భుజం కోసుకోకుండా నాన్న నవారు లోపల దూది మెత్తలు పెట్టాడు. అయ్యాక దాని నిండా పత్తిగింజలు పోసి, అన్నని హైవే మీద గుంటూరు వైపు నడిపించాం. ఆ రోజు చూడాలి మా వాడి వైభోగం! ప్రతి లారీవాడూ ఆపి, "ఏందిరా అబ్బాయ్, బస్సు దొరకలేదా?" అని జాలిపడేవాడే. ఒకాయన ఏకంగా బండి ఎక్కమని గొడవ. అన్న తిరిగొచ్చేసరికి ఎడమ పట్టీ మొదట్లో కుట్టు వదిలింది. నాన్న ఆ చోట వేలు పెట్టి నావైపు చూశాడు. అంతా విప్పి మళ్ళీ కుట్టాను.

బూట్ల పరీక్ష వానకి జరిగింది. అకాలపు వాన పడి మిరపకల్లాలు తడిసి జనం నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఈ ఇద్దరూ కొత్త బూట్లేసుకుని నల్లరేగడి చేలో దిగారు. నాలుగడుగులకి ఒక్కో కాలికి రెండు శేర్ల మట్టి. స్నేహితుడి బూటు ఒకటి చేలోనే ఉండిపోయింది, కాలు బయటికొచ్చింది. వాళ్ళ నాన్న గట్టు మీద నిలబడి, "మిరపకాయలు తడిసి నేను ఏడుస్తంటే నీకు ఆటగా ఉందా వెధవా!" అని తరిమాడు. తాడు చీరాల సముద్రం వైపు నుంచి తెప్పించారు, చేపల వలలవాళ్ళు వాడేది. మిల్లు గోడౌన్ దూలానికి కట్టి మిర్చి టిక్కీ, నిండు బస్తా, వేలాడదీసి, దాని మీద అన్న ఎక్కి ఊగాడు. హమాలీలు ఈలలు వేశారు. హైదరాబాదు వాళ్ళు మాత్రం ఆ తాడు వద్దన్నారు, తాళ్ళు తామే తెస్తామన్నారు. అది బావి చేదకి పనికొచ్చింది.

ఇక పడక. మంచులో పడుకోవాలంటే సంచిలాంటి పడక ఉండాలట, అందులో దూరి మెడదాకా జిప్పు వేసుకోవాలట. స్నేహితుడు హైదరాబాదు నుంచి అద్దెకి ఒకటి తెచ్చాడు. నీలం రంగు, తళతళా మెరుస్తోంది, చుడితే సొరకాయంత అయింది. నాన్న దాన్ని బల్ల మీద పరిచి, కోడిగుడ్డుకి ఈకలు పీకినట్టు పరీక్షించాడు. పిసికాడు, వాసన చూశాడు. అంచు కుట్టు దగ్గర బయటికొచ్చిన రెండు పోగులు పీకి, పత్తి కొనేటప్పుడు పింజ పొడుగు చూసినట్టు రెండు బొటనవేళ్ళ మధ్య లాగాడు.

"ఇది దూది కాదు" అన్నాడు. "ఇదేందో ప్లాస్టిక్కు. దీంట్లో నా కొడుకుని పడుకోబెడతానా?"

"తేలిగ్గా ఉందిగా నాన్నా" అన్నాడు అన్న.

"తేలిగ్గా ఉందా? తేలిగ్గా ఉందంటే లోపల ఏం లేదనేగా!"

ఆ మాటకి మేమంతా నవ్వాం. మా కొట్లో అంతకుమించిన తర్కం లేదు. బరువుంటే వెచ్చన. మా తాతలూ ముత్తాతలూ ఆ ఒక్కమాట మీదే బతికారు.

నాన్న ఆ ఏడాది వచ్చిన పత్తిలోకల్లా మంచిది ఏరాడు. మిల్లు మిల్లుకీ తిరిగి పొడుగు పింజ, ఆకుముక్క కూడా లేని దూది పట్టుకొచ్చాడు. మిషను మీద ఏకలేదు. అటక మీద నుంచి విల్లు దించి, దుమ్ము తుడిచి, తీగ బిగించి, పెరట్లో రేకుల షెడ్డు కింద కూర్చుని చేత్తో ఏకాడు. ఆ విల్లు మోత విని చుట్టుపక్కల ముసలాళ్ళు వచ్చి కూర్చున్నారు. దూది గాల్లోకి లేచి ఆయన తలమీదా భుజాల మీదా వాలేది. గళ్ళు గళ్ళుగా సర్ది, ఎక్కడా జరగకుండా టాకాలు వేశాడు. పైన మందపాటి మిల్లు బట్ట, లోపల మెత్తటి పాత చీరలు. అవి అమ్మవి. ఎప్పుడు బయటికి తీశాడో, నన్ను అడగను కూడా లేదు. నాకు కోపం వచ్చింది. కానీ ఆయన చీర మడత విప్పి అరచేత్తో నిమురుతుంటే చూసి సూదికి దారం ఎక్కించి ఇచ్చాను.

కుట్టాడు సరే, దాన్ని ఏడిపించి చూసేదెట్లా? మా ఊళ్ళో చలి ఎక్కడుంది? ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగు రోజులు చెవులకి గుడ్డ కట్టుకుంటే అదే మాకు మంచుకొండ. పైగా అప్పటికి ఎండలు ముదురుతున్నాయి. వేటపాలెం దాటాక సముద్రం వైపు చేపలకి వేసే ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది. స్నేహితుడు వాళ్ళ ట్రాలీ ఆటో వేసుకెళ్ళి, ఐసు దిమ్మలు గోనెసంచుల్లో చుట్టి, ఊకలో పూడ్చి పట్టుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. షెడ్డు కింద దిమ్మలు పక్కపక్కన పేర్చారు. చేపల వాసన గుప్పున కొట్టింది. టీకొట్టాయన కొట్టు వదిలేసి వచ్చాడు. హమాలీలు వచ్చారు. వీధిలో వాళ్ళు గోడ మీద నుంచి చూస్తున్నారు.

అన్న తన పడకసంచి తెచ్చి ఐసు మీద పరవబోయాడు. నాన్న ఒక్క అరుపు అరిచాడు.

"ఒరేయ్ బుద్ధుందా నీకు! ఐసు మీద దూది పెడతావా? తడిసి చావదూ!"

లోపలికి ఉరికి, బొట్టు నీళ్ళు కూడా దూరని లారీ పట్టా తెచ్చి, రెండు మడతలు వేసి ఐసు మీద కప్పాడు. అంచులు కిందికి మడిచాడు. నాలుగు వైపులా తిరిగి చూసుకుని, అప్పుడు, "ఊ, ఇప్పుడు పడుకో" అన్నాడు. మా ఇళ్ళల్లో మబ్బు కనబడితే ముందు దూదిని లోపలికి తెస్తారు, తర్వాత పిల్లల్ని తెస్తారు. మా చేతులకి అది అలవాటు. అక్కడున్న వాళ్ళంతా పత్తితో, మిర్చితో బతికేవాళ్ళే. నాన్న చేసింది తప్పని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. పట్టా రెండో అంచు పట్టుకుని సర్దింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే ఆ పట్టాని చింపి పోగులు పెట్టాలనిపిస్తుంది.

ఇద్దరూ పక్కపక్కన పడుకున్నారు, అన్న నాన్న కుట్టినదాంట్లో, స్నేహితుడు అద్దెదాంట్లో. తలలు మాత్రం బయట. కాసేపటికి స్నేహితుడు కదలడం మొదలెట్టాడు. "వీపు జివ్వుమంటంది బాబాయ్" అన్నాడు. ఇంకాసేపటికి పళ్ళు కొట్టుకుంటూ లేచి బయటికొచ్చేశాడు. మా అన్న కదిలితేగా! నుదుటి మీద చెమట. "టీ ఏదన్నా ఉంటే పొయ్యండయ్యా, ఇక్కడ ఉడికిపోతన్నా" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. టీకొట్టాయన, "నీ చేతికి తిరుగులేదు సాయిబూ" అన్నాడు. నాన్న అద్దె సంచిని కాలితో పక్కకి నెట్టాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అమ్మ పోయాక చూడలేదు. ఆ ఐసు ముక్కలు పగలగొట్టి, శుభ్రంగా కడిగి, నన్నారి షర్బత్ చేసి వీధందరికీ పోశాను. చేపల వాసనేస్తోందని తిడుతూనే అందరూ తాగారు.

మే నెల మొదట్లో చీరాల స్టేషన్లో రైలెక్కించాం. పడకసంచి చుడితే చిన్న పరుపంత అయింది. టార్పాలిన్ సంచిలో పట్టక పైన తాడేసి కట్టారు. "దీన్ని మోస్తేనే సగం చచ్చేట్టున్నా" అన్నాడు అన్న. "ఛీ నోర్ముయ్, ప్రయాణప్పుడు ఏం మాటలవి" అని వీపు మీద ఒక్కటి వేశాను. రైలు కదిలాక నాన్న కిటికీ పక్కన నడుస్తూ, "మెడదాకా లాక్కోరా, మెడ దగ్గరే గాలి దూరేది" అని చెబుతూనే ఉన్నాడు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా చెప్పాడు.

తర్వాత కబురు టీకొట్టు పక్కన ఎస్టీడీ బూతుకి వచ్చింది. బూతు పిల్ల పరిగెత్తుకొచ్చి పిలిచింది. నేను వెళ్ళి ఫోను అందుకున్నాను. స్నేహితుడు "చెల్లెమ్మా" అన్నాడు, అంతే, ఇక ఏడుపు. నేను, "ఏడవకుండా చెప్పి చావు!" అని అరిచాను. చెప్పాడు. పై క్యాంపులో పడుకున్నవాడు పొద్దున్న లేవలేదని చెప్పాడు. నేను ఫోను పెట్టేసి బయటికొస్తే, నాన్న కొట్టు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. అన్న పోయాడని ఆయనకి ఎలా చెప్పానో, ఏ మాట వాడానో, నాకు ఇప్పటికీ గుర్తు రాదు.

విమానంలో హైదరాబాదుకీ, అక్కడి నుంచి వ్యానులో పేటకీ తెచ్చారు. మొహం చూపించారు. నిద్రపోతున్నట్టున్నాడు అని అంతా అన్నారు. అబద్ధం. మా అన్న నిద్రపోతే నోరు తెరిచి గురకపెడతాడు. అది మా అన్న నిద్ర కాదు. నాన్న వాడి పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు. వద్దని పెద్దలు చెయ్యి తీసేస్తే మళ్ళీ పట్టుకునేవాడు. మట్టి ఇచ్చి వచ్చాక ఇల్లు నిండా జనం, నోళ్ళ నిండా ఒకటే మాట, రాసిపెట్టి ఉంది, రాసిపెట్టి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు రాశారో చెప్పండి, వాడి చెయ్యి విరిచేస్తాను అని అరిచాను. నన్ను లోపలికి తీసుకుపోయారు.

రోహిణి కార్తె ఎండల్లో స్నేహితుడు వచ్చాడు. వేళ్ళకి కట్లు ఉన్నాయి. మంచుకి కొసలు దెబ్బతిన్నాయట. అన్న టార్పాలిన్ సంచీ, దాని మీద కట్టిన పడకసంచీ తెచ్చాడు. నాన్న సాయంత్రపు అసర్ నమాజుకి మసీదుకి వెళ్ళాడు. పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర నిలబెట్టి, ఏం జరిగిందో మొత్తం చెప్పమన్నాను. అతను బస్సు వేళయిందన్నాడు. నేను వదల్లేదు.

"కింది క్యాంపులో వాన పడింది చెల్లెమ్మా" అన్నాడు. "వానా మంచూ కలిసి పడింది. గుడారం అడుగునించి నీళ్ళొచ్చినై. అందరి పడకలూ తడిసినై. మావి దులిపి గాలికి పట్టుకుంటే ఆరినై. వాడిది ఆరలా. పిండితే నీళ్ళు, ఎంత పిండినా నీళ్ళే. ఎండ మొహమే లేదు. పొద్దుటికి రేకులాగా బిగుసుకుపోయింది."

"మరి దాన్నెందుకు మోసుకెళ్ళాడు పైకి?"

"కింద ఊళ్ళో అద్దెకిస్తారు, దిగి వేరేది తెచ్చుకో అన్నాడు దారి చూపడానికి మాతో వచ్చినాయన. వినలా. నాదాంట్లో ఇద్దరం సర్దుకుందాం రారా అన్నా. వినలా. 'ఐసు మీద పడుకుంటేనే ఏం కాలేదురా, మా నాన్న కుట్టింది' అన్నాడు." అతను తల దించుకున్నాడు. "అది గుర్తుందా నీకు? ఆ రోజు బాబాయ్ అడుగున పట్టా వేశాడు. నేను తర్వాత అనుకున్నా చెల్లెమ్మా. ఇక్కడ ఐసు మనకి చలి ఇచ్చింది గానీ తడి ఇవ్వలా."

తొట్టి గట్టు మీద కూలబడ్డాను. చలికి మా అన్న పోయాడంటే ఎలాగో తట్టుకున్నాను. దూదికి పోయాడు. ప్రపంచంలో నాన్నకి తెలిసిన ఒకే ఒక్క వస్తువుకి, ఆయన చేత్తో ఏకినదానికి పోయాడు.

"ఈ మాట ఆయన చెవిన పడిందంటే నీ అంతు చూస్తా" అన్నాను. "తడిసిందా అని అడుగుతాడు. అడిగి తీరతాడు. లేదు అని చెప్పు."

అడిగాడు. మసీదు నుంచి వచ్చి, అతని కట్ల వేళ్ళు తన చేతిలోకి తీసుకుని, క్షేమం అడిగి, మంచినీళ్ళు ఇప్పించి, అప్పుడు, "పడక తడవలేదు కదా బాబూ?" అన్నాడు. అతను నావైపు చూడకుండా, "లేదు బాబాయ్, వెచ్చగానే ఉంది" అన్నాడు. నాన్న తలూపాడు. అతన్ని బస్సెక్కించి వచ్చాను. ఒక గండం గడిచిందనుకున్నాను.

ఎంత తెలివితక్కువదాన్ని! ఎవరి ముందు దాస్తున్నాను? పాత పరుపులు మళ్ళీ ఏకించడానికి తెస్తారు మా కొట్టుకి. విప్పి గుప్పెడు దూది చేతిలోకి తీసుకుంటే, ఆ ఇంటి పైకప్పు కారుతుందో, పిల్లాడు పక్క తడుపుతాడో, ముసలాయనకి చెమటలెక్కువో, అన్నీ చెప్పేవాడు నాన్న. అలా చెప్పి వచ్చినవాళ్ళని సిగ్గుపెడతాడని నేనే కోప్పడేదాన్ని. తెల్లవారి నేను లేచేసరికి ఆయన షెడ్డు కింద పడకసంచి పరిచి, ఒక గడి కుట్టు విప్పి కూర్చున్నాడు. అరచేతిలో దూది ఉండలు కట్టి ఉంది. దాన్ని విడదీస్తున్నాడు, అది విడివడటం లేదు. ఇంకో గడి విప్పాడు. అందులోనూ ఉండలే.

"బాగా నానింది" అన్నాడు నావైపు తిరక్కుండానే. "ఒకసారి కాదు. నాని, గడ్డకట్టి, మళ్ళీ నానింది. ఆ అబ్బాయి చేత అబద్ధం చెప్పించావా అమ్మాయ్?"

"చెప్పించాను. ఏం, తప్పా? తెలుసుకుని ఏం చేస్తావ్? నువ్వు కావాలని చేశావా? నీకేం తెలుసు అక్కడి సంగతి, నాకేం తెలుసు?" అని గొంతు చించుకున్నాను. ఆయన వింటున్నట్టే లేడు.

"నేను పట్టా వెయ్యకపోతే ఆ రోజే తెలిసేది" అన్నాడు. "తడిసిన దూది కప్పుకుని పడుకున్నాడమ్మా వాడు. ఎవరన్నా పడుకుంటారా? మన కొట్లో పుట్టినవాడు, వాడికి తెలీదా? నేను కుట్టానని పడుకున్నాడు."

ఆ తర్వాత ఆయన ఎవరితోనూ దాని గురించి మాట్లాడలేదు. కొట్టు తెరిచేవాడు, వచ్చినవాళ్ళకి పరుపులు ఇచ్చేవాడు. విప్పిన గడులు మళ్ళీ కుట్టేశాడు. పడకసంచిని ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఉలకడు పలకడు. నేను దాన్ని అటక మీదికి నెట్టేశాను.

ఎండలు తగ్గలేదు. వడగాలికి జనం మధ్యాహ్నం పూట తలుపులు వేసుకుని, కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుని పడుకుంటున్నారు. ఒకరోజు మిల్లులో అన్నకి రావలసిన కాగితం ఏదో ఉందంటే వెళ్ళి, ఆ ఎండన పడి ఇంటికొచ్చాను. కొట్టు మూసి ఉంది. ఇంట్లో నాన్న లేడు. పెరట్లో తొట్టి దగ్గర నుంచి షెడ్డుదాకా నేలంతా నీళ్ళు.

షెడ్డు కింద పడకసంచి ఉంది. నీళ్ళు ఓడుతోంది. మెడదాకా జిప్పు వేసి ఉంది, బయట నాన్న తల. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నేను వేసిన కేకకి పక్కింటి కోళ్ళు లేచాయి. వెళ్ళి ఆయన మీద పడి రెండు చెంపలూ వాయించాను. కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో కాసేపు తెలియలేదు ఆయనకి.

"ఏం పని నాన్నా ఇది! నీకు మతిగానీ పోయిందా? నేనూ చావనా?" అని అరుస్తున్నాను.

"వాడికి ఎట్టా ఉందో చూద్దామనుకున్నా" అన్నాడు. "తడిపి, దూరాను. చలేస్తదనుకున్నా." ఆయన పెదాలు వంకర పోయాయి. "చల్లగా ఉందే అమ్మాయ్. ఈ వడగాలికి హాయిగా ఉంది. నిద్రపట్టేసింది నాకు. నా బిడ్డ వణుక్కుంటా పోయినదాంట్లో నాకు నిద్రపట్టిందే."

అని బావురుమన్నాడు. ఖబరస్తాన్ దగ్గర కూడా ఏడవని మనిషి, నోరంతా తెరిచి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తడిలోనే కూలబడి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నేనూ ఏడ్చాను. కాసేపటికి జిప్పు తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకో బిందెడు పొయ్యవే అమ్మా. బాగా నానితే చలి పుడుతుందేమో."

లేచాను. తొట్టిలో బిందె ముంచి, తెచ్చి, ఆయన గుండెల మీద పోశాను. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న నీళ్ళు, వేడిగా ఉన్నాయి.